పచ్చ లైటును నమ్మిన రెండేళ్ళు: మా ఎయిర్ ప్యూరిఫయర్‌తో అనుభవం

ఈ ఎయిర్ ప్యూరిఫయర్ మా ఇంటికి వచ్చి మూడేళ్ళు దాటింది. కొన్న ఆరు నెలలకే అడిగినవారికీ అడగనివారికీ దీని గొప్ప చెప్పాను. గదిలో ఉందో లేదో తెలియనంత నిశ్శబ్దం అన్నది అప్పటి నా పొగడ్తల్లో మొదటిది. ఆ మాటను ఇప్పుడు సగం వెనక్కి తీసుకుంటున్నాను.

సన్నని ధూళిని పట్టే హెపా ఫిల్టరు, వాసనలు పీల్చే కార్బన్ పొర, ఫోనులో యాప్ లాంటివి పెట్టె మీదే రాసి ఉంటాయి, వాటి జోలికి వెళ్ళను. నేను దీన్ని కొన్నది ఆటో మోడ్ కోసం. గాలిలో ధూళి పెరిగితే యంత్రం తానే కనిపెట్టి వేగం పెంచుకుంటుంది, తగ్గితే నెమ్మదిస్తుంది. పచ్చ లైటు వెలిగితే గాలి బాగున్నట్టు, పసుపైతే ఓ మోస్తరు, ఎరుపైతే చెడ్డది. మా అమ్మకు ఉబ్బసం. అర్ధరాత్రి ఆమె లేచి మీటలు నొక్కే పని పడకూడదని నా తాపత్రయం. మొదటి ఏడాది అంతా అలాగే జరిగింది. దుప్పటి దులిపితే చాలు, లైటు పసుపు రంగుకు మారేది, ఫ్యాను హోరెత్తేది, పావుగంటలో సద్దుమణిగేది. తెల్లవారుజామున అమ్మ దగ్గుతో లేవడం బాగా తగ్గింది. అది నిజం, అందులో మార్పు లేదు.

రెండో ఏడాది చివర్లో ఒక రాత్రి, పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచిపోయాను. నీరంతా ఇగిరిపోయి అడుగు నల్లగా మాడింది. పొగ వంటగది దాటి అమ్మ గదిలోకి పాకింది. పొయ్యి కట్టేసి పరుగున వెళ్ళేసరికి ఆమె మంచం మీద లేచి కూర్చుని, ఛాతీ పట్టుకుని దగ్గుతోంది. ట్యూబులైటు చుట్టూ పొగ పలచటి తెరలా కనిపిస్తోంది. మూలనున్న ప్యూరిఫయర్ మాత్రం పచ్చ లైటుతో, రోజూ వినిపించే ఆ సన్నని శబ్దంతోనే తిరుగుతోంది.

"బాగానే ఉందంటోంది కదరా అది, మరి నాకెందుకు ఊపిరి ఆడటం లేదు?" అంది అమ్మ.

కిటికీ తెరిచి, ఇన్‌హేలర్ అందించి, యంత్రం వేగాన్ని చేత్తోనే చివరిదాకా పెంచాను. అరగంటకు పొగ పోయింది. అంతసేపూ లైటు రంగు మారలేదు.

మర్నాడు పొద్దున్నే దానితో వచ్చిన పుస్తకం తీశాను. సెన్సర్‌ను రెండు నెలలకోసారి పొడి దూది పుల్లతో తుడవాలని చివరి పేజీల్లో, చిన్న అక్షరాల్లో ఉంది. యంత్రం పక్కన గోరుతో లాగితే ఊడి వచ్చే చిన్న మూత ఉంది. అది తీస్తే అగ్గిపుల్ల తల పట్టేంత రంధ్రం. బూడిద రంగు నూగు ఒక వెంట్రుకకు చుట్టుకుని, ఆ రంధ్రానికి బిరడా కొట్టినట్టు కూర్చుంది.

సంగతి అప్పుడు బోధపడింది. ఆ రంధ్రం గుండా లోపలికి వెళ్ళిన గాలి మీద సన్నని కాంతి పడుతుంది. ధూళి కణాలు ఆ కాంతిని ఎంత చెదరగొడితే గాలి అంత చెడ్డదని లెక్క. దారే మూసుకుపోతే గాలి లోపలికి వెళ్ళదు, చెదిరే కాంతీ ఉండదు. కాబట్టి గాలి శుభ్రం! ధూళి లేదు అనడానికీ, నాకు కనిపించడం లేదు అనడానికీ ఈ యంత్రానికి ఒకటే పచ్చ లైటు. నా కోపమంతా ఇక్కడే. ఫిల్టరు మార్చమని గంటలు లెక్కపెట్టి మరీ గుర్తు చేస్తుంది. కొత్త ఫిల్టరు కొనాలి కాబట్టి ఆ లైటు పెట్టారు. దూది పుల్లతో ఒక్క నిమిషంలో అయిపోయే పనిని గుర్తు చేయడానికి ఇంకో లైటు ఎందుకు పెట్టలేకపోయారు?

నూగు తీసేసి, ఒక అగ్గిపుల్ల వెలిగించి ఆర్పి కొంచెం దూరంలో పట్టుకున్నాను. కొద్ది సెకన్లలో లైటు ఎర్రబడింది. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఎన్ని నెలలుగా గుడ్డిదై ఉందో అన్న ఆలోచన వచ్చింది. నేను మెచ్చుకున్న ఆ నిశ్శబ్దంలో ఎంత భాగం శుభ్రమైన గాలిదో, ఎంత భాగం ఏమీ కనిపించక కనిష్ఠ వేగంలో పడి ఉన్నదో ఇప్పుడు చెప్పలేను. పెట్టె మీద గొప్పగా వేసే సీఏడీఆర్ అంకె, అంటే యంత్రం ఎంత వేగంగా శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పేది, గరిష్ఠ వేగంలో కొలిచినది. కనిష్ఠ వేగంలో అందులో కొద్ది భాగమే దక్కుతుంది.

అప్పటి నుంచి అనుమానం పట్టుకుని, గాలిలోని అతి సన్నని ధూళిని (పీఎం 2.5) కొలిచే చిన్న మీటరు విడిగా కొని అమ్మ దిండు పక్కన పెట్టాను. పక్కబట్టలు మార్చిన ఒక సాయంత్రం యంత్రం 9 చూపిస్తుంటే దిండు దగ్గర 31 ఉంది. సెన్సర్ చెడిపోలేదు, అప్పటికి వారం కిందటే తుడిచాను. అది ఉన్నదే యంత్రం ఒంటి మీద, తాను శుభ్రం చేసి వదిలిన గాలికి దగ్గరలో. గదికి ఆ చివరి సంగతి దానికి ఆలస్యంగా తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పీఎం 2.5 ఒక రోజు సగటు ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు దాటకూడదని ఉంది. ఉబ్బసం ఉన్నవారి దిండు దగ్గర 31ని తేలిగ్గా తీసుకోలేను.

ఇప్పుడు ఆటో మోడ్ వాడటం మానేశాను. పడుకునే ముందు గంటసేపు మూడో వేగం, తెల్లవార్లూ రెండో వేగం. మీటరు చాలా రాత్రులు పదికి లోపే ఉంటోంది. మోత మాత్రం పెరిగింది. అమ్మ వారంలో అలవాటుపడింది. నిద్ర పలచగా ఉండేవారికి ఇది కష్టమే. ఫిల్టరు కూడా త్వరగా నల్లబడుతోంది. వాసనల విషయంలో కొన్న కొత్తలో అందరికీ చెప్పిన మంచి మాటనూ తగ్గించుకోవాలి. మాడు వాసన ఆ గదిలో రెండు రోజులు ఉంది, ఇందులోని కార్బన్ పొర పలచటి వలలాంటిదే. మూసిన గదిలో మనం వదిలే కార్బన్ డయాక్సైడును ఇలాంటి ఏ యంత్రమూ తీయలేదు, పొద్దున కిటికీ తెరవాల్సిందే.

ఇన్ని చెప్పినా దీన్ని వదిలించుకోను. మాది చిన్న గది, తలుపు మూసి ఉంచుతాం, రోజూ వేగం చూసుకోవడానికి నేనున్నాను. పెద్ద హాలుకో, ఒంటరిగా ఉండే పెద్దవారికో ఇదే కొనమని చెప్పలేను. నేనే మళ్ళీ కొనాల్సి వస్తే ఆటో మోడ్ లేని, గరిష్ఠ సీఏడీఆర్ ఎక్కువున్న సాదా యంత్రం తీసుకుని, మిగిలిన డబ్బు ఫిల్టర్లకు పెడతానేమో. అమ్మ మాత్రం ఇప్పటికీ పడుకునే ముందు లైటు రంగు చూస్తుంది. తర్వాత మీటరు తన వైపు తిప్పమంటుంది.