రెండు మీటర్ల బ్యాండ్‌లో మళ్లీ మాటలు: విశాఖలో ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

ముందే తేల్చి చెప్పేస్తాను, మన హామ్‌లకి, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా రేడియోలో మాట్లాడుకునేవాళ్లకి, ఇచ్చిన 144–146 మెగాహెర్ట్జ్ బ్యాండ్ (రెండు మీటర్ల బ్యాండ్ అనేది దీన్నే) బాగానే ఉంది. మూగబోయింది మనవల్లే. అందరి దగ్గరా హ్యాండీ (చేతిలో పట్టే రేడియో) ఉంది, అందరూ ఆన్ చేసి కాసేపు వింటారు, ఏ గొంతూ వినబడకపోయేసరికి ఎవరూ లేరనుకుని కట్టేస్తారు, అదే సమయంలో పక్క కాలనీలో ఇంకొకాయన కూడా అదే పని చేసి కట్టేస్తాడు. విశాఖలో మధురవాడ వైపు నుంచి నేను కొన్నేళ్లుగా ఈ బ్యాండ్ మీద దాదాపు రోజూ మాట్లాడుతున్నాను, కాబట్టి ఇక్కడ రాసేదంతా వాడి చూసిన సంగతే. కొత్తగా లైసెన్సుతో వీయూ3 కాల్‌సైన్ (గాలిలో మన పేరు లాంటి గుర్తు) వచ్చి ఏం చేయాలో తోచక కూర్చున్నవాళ్ల కోసం, ఎప్పుడో వీయూ2 తెచ్చుకుని రిగ్గుని (రేడియో సెట్టుని) అటక మీద పెట్టేసిన పెద్దల కోసం రాస్తున్నాను.

నాకు దీని మీద ఇంత పట్టుదల రావడానికి కారణం హుద్‌హుద్ తుపాను. 2014 అక్టోబరు 12న అది మా ఊరి మీదుగా తీరం దాటాక సెల్‌ఫోన్లు మూగబోయాయి, కరెంటు లేదు, పక్క పేటలో ఉన్న చుట్టాలు ఎలా ఉన్నారో తెలుసుకోవాలన్నా పడిపోయిన చెట్లు దాటుకుంటూ నడిచి వెళ్లాల్సి వచ్చింది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు, హైదరాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అప్పటికే పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతి ప్రసాద్ గారి బృందం అక్కణ్నుంచి సమాచారం బయటికి చేరవేసిన సంగతి హామ్‌లందరం గర్వంగా చెప్పుకుంటాం. అయితే అంత దూరాలకి పనికొచ్చేది హెచ్‌ఎఫ్ (తక్కువ ఫ్రీక్వెన్సీల బ్యాండ్లు). ఊళ్లో ఊళ్లోనే, గాజువాక నుంచి భీమిలికి, ఆసుపత్రి నుంచి కలెక్టరేట్‌కి మాట అందాలంటే వీహెచ్‌ఎఫ్, అంటే ఈ రెండు మీటర్ల లాంటి బ్యాండ్, కావాలి. ఎవరి సిగ్నల్ ఎక్కడిదాకా వెళ్తుందో, ఏ కొండ వెనక ఎవరు వినపడరో తుపాను రాకముందే తెలిసుండాలి, అది రోజూ మాట్లాడితే తప్ప తెలియదు.

ఇక సామాన్ల సంగతి. చౌక చైనా హ్యాండీతో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. నాలుగైదు వాట్లు ఇస్తుంది, బ్యాటరీ రోజంతా ఆగుతుంది. కానీ దానితో వచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నా పెట్టుకుని, కాంక్రీటు గదిలో మంచం మీద కూర్చుని సీక్యూ (ఎవరైనా ఉన్నారా అనే పిలుపు) పిలిస్తే నాలుగు వీధులు దాటడం కూడా కష్టమే. నేను వాడిన ఒక చౌక హ్యాండీకి డాబా మీది యాంటెన్నా తగిలిస్తే వినడం ఇంకా పాడైంది, ఊళ్లో ఉన్న బలమైన సిగ్నళ్లన్నీ ఒకేసారి లోపలికి దూరేసరికి దాని రిసీవర్ తట్టుకోలేకపోయేది. అదే యాంటెన్నాని కారులో పెట్టుకునే మొబైల్ రిగ్గుకి తగిలించాక అప్పటిదాకా లేరనుకున్న స్టేషన్లు స్పష్టంగా వినిపించాయి. అందుకే నన్నడిగితే హ్యాండీ జేబులోకి, ఇంటికి మాత్రం సెకండ్ హ్యాండ్‌దైనా సరే ఒక మొబైల్ రిగ్గు. ఇన్వర్టర్ బ్యాటరీ మీద హాయిగా నడుస్తుంది. యాభై వాట్లు పెడితే పది ఆంపియర్ల దాకా లాగుతుంది, పది వాట్లకి తగ్గిస్తే ఆ కరెంటు సగానికి పడిపోతుంది, అవతలివాళ్ల మీటర్ మీద తేడా ఒక గీతకి కాస్త ఎక్కువ, అంతే. లైసెన్సులో ఇచ్చిన పవర్ పరిమితి ఎలాగూ దాటకూడదు, దాటాల్సిన అవసరం కూడా నాకెప్పుడూ రాలేదు.

హ్యాండీ సెట్టింగుల్లో రెండు మాత్రం తప్పకుండా చూసుకోండి, ఎందుకంటే మా నెట్‌లోకి (టైం పెట్టుకుని అందరం ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలిసే చోటికి) కొత్తగా వచ్చేవాళ్లలో ఎక్కువమందిది ఇదే గొడవ. అమ్మినవాళ్లు ముందే ప్రోగ్రాం చేసి ఇచ్చిన సెట్లలో వినే వైపు కూడా టోన్ (మాటతో పాటు వెళ్లే గుర్తు శబ్దం) పెట్టి ఉంటుంది, ఆ టోన్ లేకుండా ఎవరు పిలిచినా మీ స్పీకర్ తెరుచుకోదు, ఎదురింటివాళ్లు పిలుస్తున్నా మీకు నిశ్శబ్దమే. సింప్లెక్స్ ఛానల్లో, అంటే మధ్యలో ఏ స్టేషనూ లేకుండా నేరుగా మాట్లాడుకునే చోట, ఆ టోన్ తీసేయండి. రెండోది వైడ్, నారో, అంటే సిగ్నల్ వెడల్పు. నారోలో పెట్టి మాట్లాడితే సిగ్నల్ నిండుగా ఉన్నా గొంతు మాత్రం గదిలోంచి ఎవరో గొణిగినట్టు వస్తుంది. ఇంకో చిన్న అలవాటు, పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కాక ఒక క్షణం ఆగి మాట్లాడండి, లేకపోతే మీ కాల్‌సైన్‌లో మొదటి అక్షరం అవతల వినబడదు.

డబ్బు పెట్టాల్సింది యాంటెన్నాకీ కేబుల్‌కీ. ఈ మాట ప్రతి పాత హామూ చెబుతాడు, నేను అంకెలతో చెబుతాను. ఆర్‌జీ-58 అనే సన్న కేబుల్ ఈ ఫ్రీక్వెన్సీలో వంద మీటర్లకి సుమారు ఇరవై డీబీ (డెసిబెల్, సిగ్నల్ తేడాని కొలిచే లెక్క) మింగేస్తుంది. డాబా మీది నుంచి కింది గదిలోకి ఇరవై మీటర్లు లాగారంటే మీ పవర్‌లో సగం పైన దారిలోనే వేడైపోయింది, వచ్చే సిగ్నల్‌కీ అదే గతి. లావు ఆర్‌జీ-213 వేస్తే మూడింట రెండు వంతులు పైకి చేరుతుంది. యాంటెన్నా మాత్రం కొనక్కర్లేదు. ఏసీ మెకానిక్‌ల దగ్గర దొరికే రాగి పైపుతో నేను చేసుకున్న జే-పోల్ (ఇంగ్లీషు J ఆకారంలో ఉండే యాంటెన్నా) ఇప్పటికీ పని చేస్తోంది, పొడుగు పైపు సుమారు 149 సెంటీమీటర్లు, పక్కన పొట్టిది 49 సెంటీమీటర్లు, మధ్యలో నాలుగైదు సెంటీమీటర్ల ఎడం, కేబుల్ తగిలించేది అడుగు నుంచి దాదాపు ఐదు సెంటీమీటర్ల ఎత్తులో. ఆ తగిలించే చోటుని అటూ ఇటూ కాస్త జరుపుతూ ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె) మీటర్ చూసుకోవాలి, 1.5 లోపు వస్తే చాలు, 1.1 కోసం సాయంత్రమంతా డాబా మీద గడపక్కర్లేదు. కేబుల్‌ని యాంటెన్నా దగ్గరే నాలుగైదు చుట్లు చుట్టి కట్టేయండి.

సముద్రం పక్కన ఉన్నవాళ్లకి ఇంకో బెడద ఉంది. ఉప్పుగాలి. ఓ వానాకాలం తర్వాత నా సిగ్నల్ బాగా తగ్గిందని భీమిలి మిత్రులు చెబితే పైకెక్కి కనెక్టర్ మీది టేప్ విప్పాను. పైకి వెండిలా మెరుస్తున్న కనెక్టర్ లోపల రాగి అల్లిక ఆకుపచ్చగా చిలుము పట్టిపోయి వేలితో నలిపితే పొడిగా రాలింది, లోపలి ఇన్సులేషన్ (డైఎలెక్ట్రిక్) దాకా నీళ్లు దిగి ఉన్నాయి. ఆ ముక్క కోసేసి కొత్త కనెక్టర్ వేసి, మామూలు కరెంటు టేప్ బదులు సాగదీసి చుడితే తనలో తానే అతుక్కుపోయే రబ్బరు టేప్ వేశాను, దాని మీద మళ్లీ కరెంటు టేప్. అప్పట్నుంచి ఏటా తొలకరికి ముందు ఒకసారి విప్పి చూస్తున్నాను.

విశాఖలో ఈ బ్యాండ్ ఎలా నడుస్తుందో చెప్పాలంటే కొండల గురించి చెప్పాలి. లెక్క ప్రకారం యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో కనుచూపు దూరం కిలోమీటర్లలో వస్తుంది. రెండు వైపులా పదహారు మీటర్ల ఎత్తుంటే రెండూ కలిపి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. ఊరు చదునుగా ఉంటే ఈ లెక్క చాలు. మాకు మధ్యలో సింహాచలం కొండలున్నాయి, అటు యారాడ కొండా డాల్ఫిన్స్ నోసూ ఉన్నాయి. నా డాబా నుంచి భీమిలి అరచేతిలో ఉన్నట్టు వినిపిస్తుంది, విజయనగరం వైపు మంచి యాంటెన్నా ఉన్నవాళ్లు వస్తారు, గాజువాక మాత్రం నేరుగా ఈ రోజుకీ అందదు. అదే గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర నిలబడితే హ్యాండీ మీద ఐదు వాట్లతో విశాఖ నిండుగా పలుకుతుంది. అరకు వెళ్లే హామ్ ఎవరైనా సరే అక్కడ బండి ఆపి ఒక్కసారి పిలవండి, ఈ బ్యాండ్ మీద మీకున్న అభిప్రాయం మారిపోతుంది.

సరే, మాటలు మళ్లీ ఎలా మొదలయ్యాయి? టైం పెట్టుకున్నాం. రాత్రి ఎనిమిదిన్నర, 145.500 సింప్లెక్స్, వానైనా పండగైనా. మొదట్లో ముగ్గురమే. చాలా రాత్రులు ఇద్దరమే. అయినా ఇద్దరం మాట్లాడుకుంటుంటే వినేవాళ్లకి అక్కడ మనుషులున్నారని తెలుస్తుంది, అదే మంత్రం. నెలలు గడిచాక ఒక రిటైర్డ్ పోర్టు ఉద్యోగి, "మిమ్మల్ని చాన్నాళ్లుగా వింటున్నానండీ, ఇవాళ ధైర్యం చేశాను" అని లోపలికొచ్చారు. లైసెన్సు ఉండి, రేడియో ఉండి, ఏం మాట్లాడాలో తెలియక ఆగిపోయినవాళ్లు ఎంతమందో అప్పుడు అర్థమైంది. అందుకే నెట్ కంట్రోల్‌లో, అంటే ఆ రోజు నెట్ నడిపించే చోట, ఎవరున్నా ఒక పద్ధతి పెట్టుకున్నాం. సిగ్నల్ రిపోర్టు ఇచ్చి ఊరుకోకుండా ప్రతి ఒక్కర్నీ ఒక ప్రశ్న అడగాలి, అది తెలుగులోనే అడగాలి. యాంటెన్నా ఏం పెట్టారు, మీ వైపు వాన పడిందా, ఈ వారం ఏం టంకం పెట్టారు, ఏదైనా సరే. రూల్స్ ప్రకారం వ్యాపారం మాటలు కుదరవు, పాటలు వేయకూడదు, మిగిలిన లోకమంతా ఉంది కదా.

జూన్‌లో ఒక రాత్రి భీమిలి మిత్రులు మాట మధ్యలో ఆపి, "సార్, మాకు వాన అందుకుందండీ, గాలి మీ వైపే, డాబా మీద బట్టలుంటే తీయించేయండి" అన్నారు. పావుగంటకి నా కిటికీ తలుపులు కొట్టుకున్నాయి. ఆ వెంటనే పెందుర్తి దగ్గరున్న ఓ కుర్రాడు తన కాల్‌సైన్ చెప్పి తమ వైపు ఇంకా చుక్క పడలేదని చెప్పాడు. ఒకరు చెప్పింది అందరూ వింటూ, ఎవరి వైపు ఎలా ఉందో వరసగా చెప్పుకుంటూ పోయాం. ఫోన్లో గ్రూపు పెట్టుకుంటే ఇది రాదు, అక్కడ చదివినవాళ్లు చదివినప్పుడు చదువుతారు.

రిపీటర్ (ఎత్తున ఉండి, విన్న మాటని వెంటనే మళ్లీ పంపే స్టేషన్) గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. రిపీటర్ ఉంటే మంచిదే, కొండ మీద పెడితే గాజువాకా భీమిలీ ఒకేచోట కలుస్తాయి, 600 కిలోహెర్ట్జ్ షిఫ్టూ (వినే, పంపే ఫ్రీక్వెన్సీల మధ్య తేడా) టోనూ పెట్టుకుంటే హ్యాండీతోనే జిల్లా అంతా తిరగొచ్చు. కానీ దాని మీదే ఆధారపడిన ఊళ్లో అది ఆగిన రోజున బ్యాండ్ మొత్తం ఆగిపోతుంది. నేను వాడిన ఒక రిపీటర్ కరెంటు పోతే గంటలోపే పడిపోయేది, బ్యాటరీ మార్చేవాళ్లు లేక నెలల తరబడి అలాగే ఉండిపోయింది, ఆ నెలల్లో జనం చెదిరిపోయారు. మేం సింప్లెక్స్ మీద నెట్ నడపడానికి అదే కారణం. గాజువాకవాళ్లని కలపడానికి అనకాపల్లి రోడ్డు వైపు ఎత్తైన మేడ మీదున్న ఒక పెద్దాయన రిలే చేస్తారు, వాళ్లు చెప్పింది విని మాకు చెబుతారు, మేం చెప్పింది వాళ్లకి. నెమ్మదే, కానీ తుపాను రోజున సరిగ్గా చేయాల్సిన పని అదే, మాకిప్పుడు చేతికి అలవాటైపోయింది.

డీఎంఆర్, డీ-స్టార్, సీ4ఎఫ్‌ఎం లాంటి డిజిటల్ మోడ్‌లు కూడా వాడాను. శబ్దం శుభ్రంగా ఉంటుంది, ఇంటర్నెట్ తోడుంటే అమెరికాలో ఉన్న తెలుగు హామ్‌లతో కూడా మాట్లాడొచ్చు. నా ఫిర్యాదల్లా ఒకటే, ఒకదాని భాష ఇంకోదానికి రాదు. పదిమంది హామ్‌లున్న ఊళ్లో నలుగురు ఒక రకం, ముగ్గురు ఇంకో రకం కొంటే పదిమందీ ఎప్పటికీ కలవరు. ఎఫ్ఎం అందరి సెట్లలోనూ ఉంది. 2017లో ఎఫ్‌టీ8 (కంప్యూటరే చిన్న సందేశాలు పంపి అందుకునే పద్ధతి) వచ్చాక హెచ్‌ఎఫ్ వైపు చాలామంది కంప్యూటర్ ముందు కూర్చున్నారు, నోరు విప్పకుండానే వంద దేశాల స్టేషన్లని కలవడం అయిపోతోంది. వాళ్ల ఇష్టం వాళ్లది, మంచి టెక్నాలజీయే, రాత్రి ఎనిమిదిన్నరకి మాత్రం అరగంట మాతో గడపమని అడుగుతూనే ఉన్నాను.

బ్యాండ్ ఖాళీగా ఉంటే ఏమవుతుందో 2019లో కాస్త రుచి చూశాం. విమానయాన సేవల కోసం 144–146 మెగాహెర్ట్జ్‌ని కూడా పరిశీలించాలని ఫ్రాన్స్ ఐరోపాలో ప్రతిపాదన పెట్టింది. ప్రపంచమంతా హామ్‌లు గట్టిగా అభ్యంతరం చెప్పారు, అది ముందుకు సాగలేదు. ఇలాంటిది మళ్లీ వస్తే, మేం వాడుతున్నాం అని చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. అందుకే నెట్‌లో ఎవరెవరు వచ్చారో తేదీ వేసి లాగ్ రాస్తున్నాం.

కుర్రాళ్లని రప్పించడంలో మాత్రం అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని (ఐఎస్‌ఎస్) మించింది లేదు. ఐఎస్‌ఎస్ మీది రిపీటర్ నడుస్తున్నప్పుడు 145.990 మీద 67 హెర్ట్జ్ టోన్‌తో పిలిస్తే 437.800 మీద వినిపిస్తుంది, నడినెత్తి మీదుగా వెళ్లినా పట్టుమని పది నిమిషాలే. ఇనప కొలత టేపు ముక్కలు పీవీసీ పైపుకి బిగించి చేసిన యాగీ (ఒక వైపుకి గురిపెట్టే యాంటెన్నా) పట్టుకుని బీచ్ రోడ్డులో నిలబడితే దారిన పోయే పిల్లలు ఆగిపోతారు, అందులో ఇద్దరు ఆ తర్వాత పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నారు. 2005 మే 5న మన శ్రీహరికోట నుంచే పీఎస్‌ఎల్‌వీ సీ6 మీద వెళ్లిన హామ్‌ల ఉపగ్రహం హామ్‌శాట్ 2014 దాకా పని చేసిందని చెబితే వాళ్లకి నమ్మబుద్ధి కాలేదు.

ఇక మిగిలింది ఎస్‌ఎస్‌బీ, ఎఫ్ఎం కన్నా బలహీనమైన సిగ్నల్‌తోనూ మాట అందించే పద్ధతి. ఎండాకాలం తెల్లవారుజామున బంగాళాఖాతం మీద వేడిగాలి పొర పరుచుకుంటే సిగ్నల్ దాని కింద చిక్కుకుని తీరం వెంబడి వందల కిలోమీటర్లు వెళ్తుంది. మామూలు రోజుల్లో కాకినాడే అందని నా జే-పోల్ మీద అలాంటి పొద్దున చెన్నై వైపు స్టేషన్లు వచ్చాయి, అంటే నేరుగా చూసినా ఆరు వందల కిలోమీటర్లు. ఎఫ్ఎం మీదే ఇలా ఉంటే ఎస్‌ఎస్‌బీ మీద ఇంకెంత దూరం పోవచ్చో చూడాలని అడ్డంగా పెట్టే యాగీ ఒకటి తయారు చేస్తున్నాను. నిలువుగా ఉన్న యాంటెన్నాతో ఆ అడ్డం యాగీ సిగ్నల్‌ని వినబోతే ఇరవై డీబీ దాకా పోతుంది, కాబట్టి మీరూ అడ్డంగానే పెట్టండి. నెల్లూరు, మచిలీపట్నం, కాకినాడ, శ్రీకాకుళం వైపు ఎవరికైనా ఎస్‌ఎస్‌బీ ఉన్న రిగ్గు ఉంటే ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే ఐదున్నర నుంచి 144.300 దగ్గర వినండి, నేను అక్కడ పిలుస్తుంటాను.