‘కాటికాపరి’, ‘స్త్రీ’: ఏది గొప్ప శిల్పం?

ఆధునిక జపాన్ శిల్పాన్ని ఎవరితో మొదలుపెట్టాలని అడిగితే నేను రెండు పేర్లు చెబుతాను: అసకురా ఫుమియో, ఒగివారా రోకుజాన్. 1910లో టోక్యోలో ప్రభుత్వం జరిపిన కళా ప్రదర్శనలో ఇద్దరి శిల్పాలూ పోటీపడ్డాయి. అసకురా ‘కాటికాపరి’కి రెండో బహుమతి, రోకుజాన్ ‘స్త్రీ’కి మూడో బహుమతి వచ్చాయి. అసకురాకు అప్పటికి 27 ఏళ్లు. రోకుజాన్ ఆ ఏడాది ఏప్రిల్‌లోనే, 30 ఏళ్లకే చనిపోయాడు.

రెండు బొమ్మల్లోనూ చేతులు వెనక్కే ఉంటాయి. టోక్యోలోని యనకా శ్మశానానికి కాపలా ఉండే ముసలాయన షోగి (జపాన్ చదరంగం) ఆట చూస్తూ, చేతులు వెనక్కి కట్టుకుని, కాస్త వంగి తీరుబడిగా నిలబడ్డాడు. ఉన్న మనిషిని ఉన్నట్టు దించేశాడు అసకురా. ‘స్త్రీ’ మోకాళ్ల మీద ఉంది. చేతులు కట్టేసినట్టు వెనక ఇరుక్కుపోయాయి, ఒళ్లు మెలితిరుగుతూ పైకి లేస్తోంది, ముఖం ఆకాశం వైపు ఉంది. లేవాలని ఉంది, లేవలేకపోతోంది.

రోకుజాన్ నగానో పల్లెలో రైతుబిడ్డ. బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి అమెరికా వెళ్లాడు. 1904లో పారిస్‌లో ఫ్రెంచ్ శిల్పి రోదాఁ చేసిన ‘ఆలోచనాపరుడు’ చూశాక మనసు శిల్పం మీదికి మళ్లింది. 1908లో తిరిగొచ్చాక బతికింది రెండేళ్లే. తనను ఆదరించిన నకమురాయా బేకరీ ఇంటి ఇల్లాలు సోమా కొక్కో మీద చెప్పుకోలేని ప్రేమ. ‘స్త్రీ’కి మోడల్ వేరే ఆవిడే అయినా, ఎరిగినవాళ్లకు అందులో కనిపించింది కొక్కోనే. (తర్వాత మన స్వాతంత్ర్య యోధుడు రాస్‌బిహారీ బోస్‌ను దాచి కాపాడింది కూడా ఈ కుటుంబమే.)

అసకురా 81 ఏళ్లు బతికాడు. కళాశాలలో ప్రొఫెసర్ అయ్యాడు. 1948లో జపాన్ ప్రభుత్వ పురస్కారం ‘కల్చర్ ఆర్డర్’ అందుకున్నాడు, దాన్ని అందుకున్న తొలి శిల్పి ఆయనే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లోహం కోసం ఆయన కంచు విగ్రహాలెన్నో కరిగించేశారు.

నా ఓటు ‘స్త్రీ’కే. చిన్న వయసులో పోయాడన్న జాలితో ఈ మాట అనడం లేదు. ‘కాటికాపరి’ ఎదురుగా నిలబడితే చాలావరకు అర్థమైపోతుంది. ‘స్త్రీ’ చుట్టూ మాత్రం తిరగాల్సిందే, అడుగు వేసినప్పుడల్లా వేరే మనిషి కనిపిస్తుంది. శిల్పం నేర్చుకునే పిల్లలకైతే మాత్రం ముందు ‘కాటికాపరి’నే చూపిస్తాను, చూపు కుదురుకోవాలంటే అదే మేలు.

గుర్తింపు విషయంలోనూ నాకు రోకుజాన్‌దే మిన్న. బడిపిల్లలతో సహా దాదాపు 3 లక్షల మంది చందాలు వేసుకుని 1958లో ఆయన సొంతూరు హోతకాలో మ్యూజియం కట్టారు. టోక్యోలో ఒక్క పూటే దొరికితే మాత్రం యనకాలోని అసకురా ఇంటికి వెళ్లండి. ఇప్పుడది మ్యూజియం, ఆయన చేసిన పిల్లుల బొమ్మలూ అక్కడే ఉన్నాయి.