ఆర్కమ్ ఆరిజిన్స్: ఆ గ్లవ్స్ కోసమైనా ఆడండి

మా బావది పలాస. పోయిన డిసెంబర్‌లో మా పర్లాకిమిడి వచ్చినప్పుడు నా సిస్టమ్‌లో బ్యాట్‌మ్యాన్ ఆర్కమ్ ఆరిజిన్స్ పెట్టి జాయ్‌స్టిక్ చేతికిచ్చాను. పావుగంట ఆడి పక్కన పెట్టేశాడు. “ఏటిరా ఇది, ఆర్కమ్ సిటీయే కదేటి? దానిమీద మంచు జల్లి మళ్ళీ అమ్మేసినారు” అన్నాడు. బావ మీద నాకు కోపం లేదు. 2013 అక్టోబర్‌లో ఈ ఆట వచ్చినప్పటినుంచీ దీనిమీద పడ్డ మాటే అది. కానీ నేను మూడుసార్లు పూర్తి చేశాను, మూడోసారి కూడా ఒకచోట గొంతు పట్టేసింది. అందుకే రాస్తున్నాను. కథ చెప్పకుండా దీన్ని వెనకేసుకురావడం నావల్ల కాదు. ఆడనివాళ్ళుంటే ఇక్కడే ఆగిపోండి.

ఒప్పుకోవాల్సినవి ముందు ఒప్పుకుంటాను. ఈ వరసలో ముందొచ్చిన ఆటలు, 2009లో ఆర్కమ్ అసైలమ్, 2011లో ఆర్కమ్ సిటీ, చేసింది లండన్‌లోని రాక్‌స్టెడీ స్టూడియో. ఇది మాంట్రియల్‌లోని వేరే జట్టు చేసింది. వాళ్ళు కొట్లాట పద్ధతిని ఉన్నదున్నట్టు తీసుకున్నారు. కేప్ విప్పి గాల్లో తేలడం అదే, గోడల వెనకున్నవాళ్ళని కూడా చూపించే డిటెక్టివ్ మోడ్ అదే. సిటీలో గడ్డకట్టించే బాంబు ఉండేది, ఇందులో జిగురు బాంబు ఉంది, రెండింటి పనీ ఒకటే. ఊళ్ళో కూడా ఒక ముక్క పాతదే.

ఊరు మాత్రం అదే ఉండాలి కదా! ఇది మొదటి ఆటకి ముందు జరిగిన కథ. ఆర్కమ్ సిటీలో బ్యాట్‌మ్యాన్ బద్ధశత్రువు జోకర్ మకాం పెట్టిన ఉక్కు ఫ్యాక్టరీ ఇందులో ఇంకా బ్లాక్ మాస్క్ అనే ముఠా నాయకుడిదే. మా నాన్న స్టేషన్‌కి వెళ్ళినప్పుడల్లా నౌపడా నుంచి గుణుపురం పోయే చిన్న రైలు ఎక్కడ ఆగేదో చూపిస్తాడు. 2004 దాకా నడిచిన ఆ న్యారోగేజి బండి నాకు లీలగానే గుర్తు, ఇప్పుడున్నది పెద్ద లైను. నాన్న చెయ్యి చాపి “ఇదిగో, ఇక్కడ” అన్న క్షణం రోజూ చూసే ప్లాట్‌ఫారమే ఇంకోలా కనిపిస్తుంది. ఆ ఫ్యాక్టరీ ముందుకొచ్చి నిలబడ్డప్పుడు నాకు అచ్చం అలాగే అయింది. సిటీ ఆడి వచ్చినవాడికి దొరికే సుఖం అది. కొత్త ఊరు కడితే దొరకదు.

క్రిస్మస్ ముందు రాత్రి. బ్యాట్‌మ్యాన్ తలకి 5 కోట్ల డాలర్ల వెల, ఎనిమిది మంది కిరాయి హంతకులు. ఇతను ముసుగు వేసుకుని ఎన్నాళ్ళో కాలేదు. పోలీసులే వెంటపడతారు, పోలీసు అధికారి గోర్డన్ ఇంకా కెప్టెనే, స్నేహితుడు కాదు. ఇంట్లో తనని చూసుకునే ముసలాయన ఆల్‌ఫ్రెడ్ వద్దంటే వినడు. మా గజపతి జిల్లా కొండ ఊళ్ళలో క్రిస్మస్ పెద్ద పండగ, ఇళ్ళముందు స్టార్లు వెలుగుతుంటాయి. నేను మొదటిసారి ఆడింది అలాంటి రాత్రుల్లోనే. తుఫానుకి జనం లేని గోథమ్ వీధుల్లో ఎవరికోసమూ కాకుండా దీపాలు వెలుగుతుంటే ఈ బ్యాట్‌మ్యాన్‌కి ఇంట్లో ఆ ముసలాయన తప్ప ఎవరూ లేరని మొదటిసారి తట్టింది.

కొట్లాట పాతదే అన్నవాళ్ళు పెంగ్విన్ అనే విలన్ ఓడలో డెత్‌స్ట్రోక్ అనే హంతకుడితో ఆడి చూడాలి. అప్పటిదాకా బటన్లు దడదడా నొక్కి నెట్టుకొచ్చాను. ఇతని దగ్గర ముందే నొక్కితే దెబ్బ మనకే. గమనించి, ఆగి, సరిగ్గా ఆ క్షణానికే నొక్కాలి. నాకు ఏడుసార్లు పట్టింది. అవే బటన్లు, కానీ వాటిని వాడడం నేర్పింది ఇతనే.

ఇక గ్లవ్స్. అదే ఓడలో ఎలక్ట్రోక్యూషనర్ అనేవాడు కరెంటు మెరిసే గ్లవ్స్ తొడుక్కుని పెద్ద కబుర్లు చెప్తాడు. ఒక్క దెబ్బకే పడిపోతాడు. తర్వాత రాయల్ హోటల్లో జోకర్ వాణ్ణి కిటికీలోంచి తోసేస్తాడు. ఆ శవం చేతులనుంచే బ్యాట్‌మ్యాన్ గ్లవ్స్ తీసుకుంటాడు. వాటితో ఆట మరీ తేలికైపోయిందని చాలామంది విసుక్కున్నారు. చార్జ్ నిండాక డాలు పట్టినవాణ్ణి కూడా సులువుగా కొట్టొచ్చు, నిజమే.

కానీ ఆ హంతకుల్లో ఒకడైన బేన్, బ్యాట్‌మ్యాన్ రహస్య గుహని కనిపెడతాడు. బ్రిడ్జి మీద ఇంకో హంతకుడు ఫైర్‌ఫ్లైని ఆపి బ్యాట్‌మ్యాన్ ఇంటికొచ్చేసరికి అంతా ధ్వంసం, ఆల్‌ఫ్రెడ్ కిందపడి ఉంటాడు, ఊపిరి లేదు. అప్పటిదాకా ఎముకలు విరిచిన గ్లవ్స్‌నే షాకిచ్చి బతికించడానికి ఆ ముసలాయన ఛాతీమీద పెట్టాలి. గొంతు పట్టేసిందన్నది ఇక్కడే.

తర్వాత బ్లాక్‌గేట్ జైల్లో జోకర్ తనే కరెంటు కుర్చీలో కూర్చుని దాన్ని బేన్ గుండెకి కలుపుతాడు. ఆ గుండె కొట్టుకున్నకొద్దీ కుర్చీ చార్జ్ అవుతుంది. ఇద్దరిలో ఒకరు చావాలన్నది వాడి పందెం. బ్యాట్‌మ్యాన్ ఆ గ్లవ్స్‌తోనే బేన్ గుండె ఆపి, మళ్ళీ కొట్టుకునేలా చేస్తాడు. చంపను అన్న మాటని మిగతా ఆటల్లో విన్నాం. ఇందులో అది మన వేళ్ళకి తెలుస్తుంది. ఒక్క పనిముట్టుతో ఇంత కథ నడిపించిన ఆటని పాతదానికి నకలు అనడం అన్యాయం.

జోకర్‌కి గొంతిచ్చిన ట్రాయ్ బేకర్‌ని కూడా మెచ్చుకోవాలి. హోటల్ పైనుంచి పడుతున్న తనని బ్యాట్‌మ్యాన్ ఎందుకు పట్టుకున్నాడో అర్థంకాక జైల్లో డాక్టర్ హార్లీన్ ముందు కూర్చుని మాట్లాడే చోటు ఒక్కటి చాలు.

లోపాలు లేవనను. రెండు ద్వీపాలని కలిపే ఆ పెద్ద బ్రిడ్జి మీద పదేపదే తిరగడం విసుగు. వచ్చిన కొత్తలో బగ్గులు చాలా ఉండేవి. ఆన్‌లైన్ ఆట 2016 చివర్లో ఆపేశారు, దానికోసమైతే కొనకండి. కథ కోసం కొనండి. 8 జీబీ ర్యామ్, 2 జీబీ గ్రాఫిక్స్ కార్డున్న నా పాత సిస్టమ్‌లో ఎక్కడా తడబడలేదు. సిటీ ముందు ఆడి, తర్వాత ఇది ఆడితే ఇంకా బాగుంటుంది.

సంక్రాంతికి బావ మళ్ళీ వస్తాడు. బ్రిడ్జి దాటి గుహకి చేరే చోట సేవ్ చేసి ఉంచాను. ఈసారి అక్కడినుంచి ఆడమంటాను.