చవక బోర్డో బాటిల్ మీద పాత సంవత్సరం చూసి మోసపోకండి

పారిస్‌లో కొత్తగా ఫ్రెంచ్ రెడ్ వైన్ రుచి చూద్దామనుకుంటున్న మనవాళ్లందరికీ ఒక జాగ్రత్త. టూరిస్టులు తిరిగే వీధుల్లోని షాపుల్లో "పాత వైన్, సగం ధర" అని కిటికీలో పెట్టి అమ్మే బాటిళ్ల జోలికి పోకండి.

నాకు అలా అంటగట్టింది 2011 నాటి మామూలు బోర్డో, అంటే ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు రెడ్ వైన్. లేబుల్ మీద కోట బొమ్మ, దాని కింద బంగారు అక్షరాల్లో ‘గ్రాన్ వాన్ ద బోర్డో’ (బోర్డో గొప్ప వైన్) అని. పన్నెండు యూరోలు. పాతబడేకొద్దీ రుచి పెరుగుతుందని షాపాయన గట్టిగా చెప్పాడు. తీసి చూస్తే కార్క్ పక్కనంతా వైన్ పైదాకా ఊరి, ఎండి, నల్లటి చార కట్టి ఉంది. గ్లాసులో ఎర్రదనం పోయి ఇటుక రంగు తేలింది. పండు వాసన లేదు, వెనిగర్ ఘాటు మాత్రం ముక్కుకి కొట్టింది. మర్నాడు బిల్లుతో వెళ్తే, మూత తీసిన బాటిల్ వాపసు తీసుకునేది లేదని పంపేశారు.

అసలు ఆ ధరలో వచ్చే బోర్డో చాలావరకు నాలుగైదేళ్లలో తాగేయడానికి చేసిందే. ఏళ్లకేళ్లు నిలిచే వైన్‌కి వగరు, పులుపు గట్టిగా ఉండాలి, దాన్ని చల్లని చీకటి గదిలో పడుకోబెట్టి దాచాలి. కిటికీలో ఎండకి నిలబెడితే కార్క్ ఎండి గాలి దూరుతుంది, ఎంత మంచి వైనైనా పాడవుతుంది. తెలిసి తెలిసి కొత్తవాళ్లకి ఇది అమ్మడం అన్యాయం.

‘గ్రాన్ వాన్’ అన్న మాట చూసి నాణ్యత ఉందనుకోవద్దు. 1855లో ఎక్కువగా మెడాక్ (బోర్డోలోని ఒక ప్రాంతం) వైన్లకి నాణ్యతని బట్టి వేసిన శ్రేణుల్లోదైతే లేబుల్ మీద ‘గ్రాన్ క్రూ క్లాసే’ అని ఉంటుంది, అది పన్నెండు యూరోలకి రాదు. బోర్డోలోనే ఉన్న సెయింట్ ఎమిలియన్ వైన్ల దగ్గర ఇంకా జాగ్రత్త. అక్కడ ‘క్లాసే’ అన్న చివరి మాట లేకుండా ఉత్త ‘గ్రాన్ క్రూ’ అని ఉంటే అది శ్రేణి కాదు. బాటిల్ వెనక చిన్న అక్షరాలు కూడా చదవండి. ఫ్రెంచ్ పేరు పెట్టుకుని, లోపల యూరోపియన్ యూనియన్ దేశాల వైన్లు కలిపినవి కూడా ఉంటాయి.

మొదటిసారి కొనేవాళ్లకి నా మాట: బోజొలే విలాజ్ అనే రెడ్ వైన్. గమే ద్రాక్షతో చేస్తారు, వగరు తక్కువ, కాస్త చల్లబరిచి తాగితే హాయిగా ఉంటుంది. కొంచెం ఘాటు కావాలంటే కోట్ డు రోన్, లేదా కోర్బియేర్. పది యూరోల లోపే మంచివి దొరుకుతాయి. గత రెండు మూడేళ్ల పంటే తీసుకోండి. మీ పేటలోని వైన్ షాపులో అడిగితే ఓపిగ్గా చెబుతారు. సెప్టెంబరులో సూపర్‌మార్కెట్లు పెట్టే వైన్ మేళాల్లోనూ ధరలు బాగుంటాయి.

ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు మరీ జాగ్రత్త. ఇండియాలో డ్యూటీ లేకుండా తలకి రెండు లీటర్లే, అంటే మామూలు సైజు బాటిళ్లు రెండే. అందులో ఒకటి ఇలాంటిదైతే నాన్నగారి ముందు పెట్టలేం.

ఇప్పటికే ఇలా దెబ్బతిన్నవాళ్లు ఊరుకోకండి. బిల్లు, లేబుల్, కార్క్ ఫోటోలు తీసి ఫ్రెంచ్ ప్రభుత్వం నడిపే సిగ్నల్‌కాన్సో సైట్లో ఫిర్యాదు పెట్టండి. నేను పెట్టాను.