58 జీవో పట్టా: మూడున్నర స్టార్లు, తూర్పు పడమరలు తారుమారు

"పట్టా వచ్చిందంట గదా అక్కా, ఎట్లుంది?" అని బస్తీలో కనబడ్డ ప్రతి మనిషీ అడుగుతోంది, నేనేదో కొత్త చీర కొన్నట్టు. ఒక్కొక్కరికి చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నా. అడిగినవాళ్లకు ఇదే పంపిస్తా.

మాది హైదరాబాద్‌లో 62 గజాల రేకుల ఇల్లు. 1994లో మామయ్య ఒక గల్లీ లీడరు దగ్గర ఆరు వేలకు కొన్నాడు. కాగితమంటే నోటరీ కాగితమే. ఆ జాగా లీడరుకెట్లా వచ్చిందని అప్పుడు ఎవరూ అడగలేదు. తర్వాత తెలిసింది, అది అర్బన్ సీలింగులో మిగులుగా తేలిన భూమి అని. హైదరాబాద్‌లో ఒక మనిషి వెయ్యి చదరపు మీటర్లకు మించి ఖాళీ జాగా ఉంచుకోకూడదని, మించింది మిగులుగా సర్కారుకు పోవాలని 1976లో చట్టం చేశారు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో దాన్ని ఎత్తేశారు కూడా. మిగులు భూమి పేదలకు చేరాలన్నారు కదా, చేరింది. లీడరు చేతుల మీదుగా, ఆరు వేలకు.

2014 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 58, 59 జీవోలు ఇచ్చింది. అభ్యంతరం లేని సర్కారు జాగాలో ఇల్లేసుకున్న పేద కుటుంబానికి 125 గజాల దాకా ఉచితంగా పట్టా ఇస్తే అది 58. అంతకు మించితే డబ్బు కట్టాలి, అది 59. నాలా మీదో చెరువులోనో కట్టుకున్నవాళ్లకు రెండూ లేవు. మొదటి విడతలో మామయ్య దరఖాస్తు పెట్టనివ్వలేదు. "సర్కారు జాగల ఉంటున్నమని మనంతట మనమే రాసిచ్చుడా?" అన్నాడు. ఆయన భయం ఆయనది. ఆయన పోయాక, 2022 ఫిబ్రవరిలో మళ్లీ గడువిస్తే అత్తమ్మ పేరు మీద పెట్టాం. ఈ పట్టా ఇంటి ఆడమనిషి పేరు మీదే ఇచ్చారు. ఒక స్టారు అక్కడే ఇచ్చేస్తున్నా.

మీసేవలో అప్పుడు వెయ్యి రూపాయలు ఫీజు కట్టాం. అసలు తిప్పలు రుజువుల దగ్గర. 2014 జూన్ 2కు ముందు నుంచే ఉంటున్నట్టు చూపించాల్సి వచ్చింది. అత్తమ్మ కరెంటు బిల్లులన్నీ ఇనుప తీగకు గుచ్చి వంటింట్లో వేలాడదీసేది. సంబరంగా దించి చూస్తే పాత బిల్లుల మీద అక్షరాలన్నీ ఎగిరిపోయి తెల్ల చీటీలు మిగిలాయి. మీసేవ పిల్లోడు ఒకదాన్ని లైటుకు అడ్డంపెట్టి చూసి "అక్కా, ఇందులో ఏం లేదు" అన్నాడు. మమ్మల్ని కాపాడింది బియ్యం డబ్బా అడుగున దొరికిన 2009 ఇంటిపన్ను రసీదు. మీ దగ్గర పాత బిల్లులుంటే ఇవాళే జిరాక్సు తీయించండి.

ఎన్నో నెలలకు సర్వేకి ఇద్దరొచ్చారు. టేపు ఒక కొస గుమ్మం దగ్గర నేను పట్టుకున్నా, రెండో కొస మంచం మీదుగా, గ్యాస్ బండ పక్కనుంచి వెనక గోడకు పోయింది. మధ్యలో నా కుట్టు మిషను అడ్డమొచ్చింది. జరపమన్నారు, జరిపా. పది నిమిషాల్లో అయిపోయింది. టీ కూడా తాగలేదు. డబ్బులూ అడగలేదు, ఆ మాట రాయకపోతే పాపం.

2023లో పట్టా చేతికొచ్చింది. గజాలు సరిగ్గానే రాశారు. హద్దులు చూస్తే మతి పోయింది. మా గుమ్మం తూర్పున గల్లీలోకి ఉంటుంది, పడమట పక్కింటివాళ్ల వంటగది. పట్టాలో అవి తారుమారు. దాని ప్రకారం మేం పొద్దున్నే తలుపు తీస్తే వాళ్ల పొయ్యి మీద పడాలి. మార్పించడానికి ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగా. "ఆన్‌లైన్ల ఆప్షన్ లేదమ్మా" అన్నారు. తప్పు చేయడానికి ఉన్న ఆప్షన్ దిద్దడానికి లేదు. ఐదు స్టార్లలో ఒకటి కోశా.

రెండోది, అప్పు. స్లాబు వేద్దామని పట్టా పట్టుకుని బ్యాంకుకు పోయా. పిల్లలకు రాసిపోవచ్చు గానీ అమ్మడానికి లేదని షరతు ఉంది. మేనేజరు అది చదివి, "అమ్మరానిది మేం తాకట్టు పెట్టుకుని ఏం చేసుకోవాలమ్మా?" అన్నాడు. ఆయన తప్పు లేదు. ఆ షరతు లేకపోతే మా గల్లీలో సగం పట్టాలు ఈపాటికి ఎవరి బీరువాలో ఉండేవో నాకు తెలుసు. అయినా అర స్టారు తీసేస్తున్నా, స్లాబు లేని ఇంట్లో వాన పడ్డప్పుడు గిన్నెలు పెట్టేది నేనే కాబట్టి.

మా పెద్దోడు ఎంఏ ఎకనామిక్స్. పెరూ అనే దేశంలో 1996 నుంచి ఇట్లాగే పది లక్షలకు పైగా పట్టాలిచ్చారట. పట్టా ఉంటే బ్యాంకులు ఎగబడి అప్పులిస్తాయనుకుంటే ప్రైవేటు బ్యాంకుల అప్పులు అంతగా పెరగలేదట. జనం బయటికెళ్లి పని చేసే గంటలు మాత్రం పెరిగాయట. ఎందుకురా అంటే, ఇంటికి కాపలా ఉండే పని తప్పింది కాబట్టి అన్నాడు. ఆ మాట వినగానే అత్తమ్మ వైపు చూశా.

1998లో అందరూ పెళ్లికి పోయిన రోజు చూసి పక్క గల్లీలో నాలుగిళ్లు జేసీబీతో కూల్చేశారు. ఆనాటి నుంచి మా ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి ఉండాల్సిందే. అత్తమ్మ తన సొంత తమ్ముడి కూతురు పెళ్లికి పోలేదు. అత్తమ్మకు మోకాళ్లు పట్టేశాక కాపలా నాకు దిగింది. బొటిక్‌లో నెల జీతం పని వస్తే వద్దనుకుని ఇంట్లోనే జాకెట్లు కుట్టా.

ఇప్పుడు పొద్దున పదింటికి తాళం వేసి అదే బొటిక్‌కు పోతున్నా. మొన్న అత్తమ్మ వేములవాడ పోయి రెండు రాత్రులుండి వచ్చింది. బస్సెక్కేముందు మాత్రం పట్టా ఎక్కడుందో రెండుసార్లు అడిగింది. ల్యామినేషన్ చేయించుదామంది, నేనే వద్దన్నా. హద్దులు దిద్దాలి కదా, సోమవారం కలెక్టరాఫీసులో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి తీసుకుపోతున్నా.