పాత కారుకు రిపేరా, కొత్త కారా?

మెకానిక్ చెప్పిన అంచనా వినగానే "ఈ డబ్బుతో కొత్త కారుకు డౌన్ పేమెంట్ కట్టెయ్యొచ్చు కదా" అనిపిస్తుంది. ఆ పోలిక సరైంది కాదు. రిపేరు ఖర్చు ఒక్కసారితో పోతుంది. కొత్త కారుకైతే నెలనెలా వాయిదా, ఎక్కువ ఇన్సూరెన్స్, పైగా మొదటి ఏడాదిలోనే విలువలో దాదాపు 5వ వంతు కరిగిపోతుంది. అందుకే ఏడాది రిపేర్ల మొత్తాన్ని 12 వాయిదాలతో పోల్చి చూడాలి.

ఏం పాడైందన్నది ఇంకా ముఖ్యం. బ్యాటరీ, టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ఏ కారుకైనా అరిగేవే. టైమింగ్ బెల్ట్ (ఇంజన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే పట్టీ) ఉన్న చాలా కార్లలో లక్ష కిలోమీటర్ల దరిదాపుల్లో దాన్ని మార్చడమూ అంతే. వీటి కోసం బండిని వదులుకోవడం నాకు నచ్చదు. ఇంజనో గేర్‌బాక్సో పోయి, ఖర్చు ఆ కారు అమ్ముడుపోయే ధరను దాటితే మాత్రం ఆగి ఆలోచించాలి. ఛాసిస్‌ను, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రాన్ని, తుప్పు తినేసిందా, ఇక రిపేరు మాటే వద్దు. ప్రమాదంలో మనల్ని కాపాడేది ఆ ఇనుమే.

కొత్తదాని వైపు గట్టి వాదన భద్రతే: ఎక్కువ ఎయిర్‌బ్యాగులు, బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌సీ. ఇంట్లో చిన్నపిల్లలుంటే నా ఓటు దీనికే. మైలేజీ ఆదా అంటారా, తక్కువ తిరిగేవాళ్లకు అది పెద్దగా లెక్కలోకి రాదు.