పిట్యూటరీ ఎంఆర్ఐ: గడ్డని చూపిస్తుంది, పేరు చెప్పదు

మెదడు అడుగున ఉండి హార్మోన్లను నడిపించే పిట్యూటరీ గ్రంథి దగ్గర గడ్డ అనుమానం ఉంటే మామూలు బ్రెయిన్ ఎంఆర్ఐ చాలదు. అందులో ఒక్కో స్లైసు 5 మి.మీ. దాకా ఉంటుంది, బఠాణీ గింజంత గ్రంథి రెండు మూడు స్లైసుల్లోనే అయిపోతుంది. చీటీ మీద 'డైనమిక్ పిట్యూటరీ, కాంట్రాస్ట్‌తో' అని రాయించుకోవాలి. అప్పుడే 2-3 మి.మీ. స్లైసులు తీస్తారు. కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తారు కాబట్టి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు వెంట తీసుకెళ్తే అక్కడ ఆలస్యం ఉండదు.

కంటి నరాల మీద ఒత్తిడి, గ్రంథిని మెదడుకి కలిపే కాడ మందం, పక్కనున్న కావెర్నస్ సైనస్ (సిరల గది)లోకి పాకిందా లేదా అన్నవి ఈ స్కాన్ చక్కగా చూపిస్తుంది. చూపించడానికి 5కి 4.5 ఇవ్వొచ్చు, పేరు పెట్టడానికి 2 కూడా ఎక్కువే. రిపోర్టులో చాలాసార్లు 'మాక్రోఅడెనోమా' (గ్రంథిలోనే పుట్టే, సాధారణంగా క్యాన్సర్ కాని, సెంటీమీటరు అంతకు మించిన గడ్డ) అని వస్తుంది, చాలాసార్లు అది నిజమే. కానీ రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్ అక్కడికి పాకినా, జెర్మినోమా (ఎక్కువగా చిన్న వయసులో వచ్చే బీజకణాల గడ్డ) అయినా, లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) అయినా బొమ్మ ఇంచుమించు అలాగే ఉండొచ్చు.

తేడా పట్టించేది మంచినీళ్ల బాటిల్. రోజుకి 3 లీటర్లు దాటి మూత్రం, రాత్రి మూడు నాలుగుసార్లు లేచి నీళ్లు తాగడం అడెనోమాలో ఆపరేషన్‌కి ముందు చాలా అరుదు. అది ఉంటే రిపోర్టుని నమ్మి ఊరుకోకూడదు. వారాల్లో పెరిగిన గడ్డ, ఒకటికి బదులు రెండు గడ్డలు కనిపించడం కూడా అంతే. ఇంకో మెలిక: కార్టిసాల్ (ఒత్తిడిని తట్టుకోవడానికి శరీరానికి కావలసిన హార్మోన్) పడిపోయినవాళ్లలో ఈ అతిమూత్రం దాగి ఉంటుంది, దాని లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టాకే బాత్రూముకి పరుగులు మొదలవుతాయి.

స్కాన్‌తోపాటు ల్యాబులు అమ్మే థైరాయిడ్ ప్యాకేజీల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని నడిపించే పిట్యూటరీ హార్మోన్) ఒక్కటే ఉంటే దండగ. పిట్యూటరీ దెబ్బతిన్నప్పుడు అది నార్మల్‌గానే రావచ్చు, అసలు థైరాయిడ్ హార్మోన్‌ని కొలిచే ఫ్రీ టీ4 కావాలి. ఉదయం 8 గంటల కార్టిసాల్, సోడియం, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే పిట్యూటరీ హార్మోన్) తప్పనిసరి. గడ్డ బాగా పెద్దదై ప్రొలాక్టిన్ ఓ మోస్తరుగానే వస్తే 1:100 పలచన చేసి మళ్లీ చూడమనాలి. హార్మోన్ మరీ ఎక్కువైతే పరీక్షే మోసపోయి తక్కువ చూపిస్తుంది. పిల్లల్లో, కుర్రవాళ్లలో జెర్మినోమా లాంటి బీజకణాల గడ్డల్ని పట్టించే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ రక్తపరీక్షలు కూడా అడగాలి.

లింఫోమా అనుమానం ఉండి, చూపుకి, కార్టిసాల్‌కి తక్షణ ముప్పు లేకపోతే బయాప్సీకి ముందు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ వద్దు. గడ్డ కరిగిపోయి, ముక్క తీసినా పెథాలజిస్టుకి ఏమీ దొరక్కపోవచ్చు.

ఫిల్ములతో సరిపెట్టుకోవద్దు, స్కాన్ అసలు బొమ్మలు డిజిటల్‌గా ఉండే డైకామ్ సీడీ అడిగి తీసుకోండి. ఫిల్ము మీది చిన్న బొమ్మల్లో కాడ మందం కొలవడం ఎవరి తరమూ కాదు.